పొట్టేలికి దండేస్తే వీధంతా గిన్నెలొచ్చినాయి

మేము నేసే కంబళ్లకు ఒక బొమ్మచీటీ అంటిస్తే సంతలో జనం గుర్తుపడతారని, ఈ పొద్దు పావగడ నుంచి పోటోలాయనను పిలిపించినాము. బొమ్మలో ఎవరుండాలని ఇంట్లో పెద్ద పంచాయితీ. మా ఇంటాయన మీసం దువ్వుకోని ముందే కూర్చున్నాడు. నేను మాత్రం మా పొట్టేలే ఉండాలన్నాను. పోయినేడు జరమొచ్చి పోయిన నా కొడుకు ఈరన్న దాన్ని పిల్లప్పటి నుంచి చంకనేసుకోని పెంచినాడు. వాని పోటో ఒకటీ లేదు, వాడు పెంచిందన్నా ఉండనీ అనుకున్నాను.

పొట్టేలికి నీళ్లు పోసి, పసుపు పూసి, దండేసి, వీపు మింద కొత్త కంబళి కప్పి వాకిట్లో నిలబెట్టినాను. అంతే, వీధంతా గిన్నెలు తీసుకోని వచ్చేసినారు!

"ఏమక్కా, అమ్మవారికి మొక్కుబడా? మాకు చెప్పనే లేదే!" అనింది ఎదురింటి నాగమ్మ.

"కోసేదానికి కాదు తల్లీ, పోటోకి!"

"సరే, పోటో అయినాక కోస్తారు కదా?"

నేను గబుక్కున పోయి పొట్టేలి మెడ కావలించుకున్నాను. పోటోలాయన అట్లే తీసేసినాడు. ముందర నేనూ పొట్టేలూ, వెనక గిన్నెలతో వీధంతా. ఈరన్న ఉండింటే కిందపడి నవ్వేటోడు. వాడు పోయినాక నాకూ ఈ పొద్దే నవ్వొచ్చింది. ఈ బొమ్మ చూసినోళ్లు కంబళి అడుగుతారా, కూర అడుగుతారా, మీరే చెప్పండప్పా.