సాంచెల ఇంట్లో పుట్టిన డప్పు

సద్దుల బతుకమ్మ నాడు, మా పెద్దనాయన బిడ్డ పాటలక్క పాడి రికార్డు చేసిన పాట స్పీకర్ బాక్సుల్లో రెండో చరణం దాటకముందే, ఆడుతున్న ఆడవాళ్లంతా బతుకమ్మలు ఎత్తుకుని ఇళ్లవైపు పరుగు తీశారు. “వానచ్చె! పూలు తడుస్తయ్, ఉరుకుండ్రి!” అని మొదట కేక వేసింది అక్క వాళ్ల అత్తే. ఆ వాన నేను కంప్యూటర్‌లో చేసిన డప్పు.

ఆ రోజుల్లో సిరిసిల్లలో మా ఇంటి ముందుగదిలో కంప్యూటర్, వెనకగదిలో బాపు సాంచెలు (మరమగ్గాలను మేం అలాగే అంటాం) ఉండేవి. కరెంటు ఉంటే సాంచెల మోత. పోతే నిశ్శబ్దమే గానీ కంప్యూటర్ నడవదు. అక్క గొంతును కరెంటు లేని పూట ఫోన్‌లో పట్టాం. డప్పును కూడా అలాగే పట్టబోతే అంతా గరగరమంది. అత్త ఎప్పుడూ పాత పాటలే పాడనిచ్చేది. అక్క సొంతంగా కట్టిన మొదటి పాట ఇది. “చేతుల్ల సత్తువ లేదా, బాక్సులు కొట్టాల్నా చప్పట్లు?” అని అత్త ఎత్తిపొడుపు. “తమ్మీ, డప్పు జర గట్టిగ పడాలె. మా అత్త కాలు గూడ లేవాలె” అంది అక్క. (లేచింది, ఒప్పుకోవాలి.)

డప్పు లేకుండా డప్పు చేయడం ఇంటర్నెట్‌లో చూసి నేర్చుకున్నాను. స్టేషన్ దొరకని రేడియోలాంటి రొద తీసుకుని, ఫిల్టర్‌తో పైనున్న కీచుదనం కోసేస్తే అడుగు మోత మిగులుతుంది. దాన్ని ఠక్కున లేపి ఠక్కున ఆపితే దెబ్బ. ఆపడంలోనే ఉంది పనంతా. నాకు ఆగినట్టే వినిపించింది, వెనకాల సాంచెలు ఆడుతున్నాయి కదా! దెబ్బ తర్వాత మిగిలిన రొద వాటి మోతలో కలిసిపోయింది. “గిదేం డప్పురా, ఇనవడ్తలేదు” అని బాపు అన్నప్పుడల్లా ఇంకాస్త పెంచాను.

మైదానంలో సాంచెలు లేవు. పెద్ద బాక్సుల్లోంచి ప్రతి దెబ్బ వెనకా రేకుల మీద వాన కురిసినట్టు రొద సాగింది. పైన మబ్బు కూడా ఉంది. అందరూ పోయాక అక్క ఒక్కతే బాక్సుల దగ్గర నిలబడి పాట చివరిదాకా విన్నది.

“వాన లేదు, ఏం లేదు. నీ డప్పే గదరా?”

“అవునక్కా.”

“మూడో చరణమే మంచిగుండె” అంది.

ఇప్పుడు మంచిర్యాలలో పత్రికా విలేకరిని. ఇంట్లో సాంచెలు లేవు. మొన్న ఆ పాట తీసి, రొదను శుభ్రంగా కోసి అక్కకు పంపాను. వెంటనే ఫోన్ చేసింది. “డప్పు మంచిగనే ఉంది తమ్మీ, గని వాన ఏది? గొడుగు పట్టుకొని ఆడుత అంటుంది మా అత్త.”

ఈ ఏడు బతుకమ్మకు వాన ఉన్న పాట పెట్టాలో, లేనిది పెట్టాలో అత్తాకోడళ్లు ఇంకా తేల్చుకోలేదు.