పూచీ పిన్ని ఇల్లు లేచిన రోజు

ఆ వీధిలో కుళాయి కారినా, తాళం పట్టేసినా, గోడకి చెమ్మెక్కినా ముందుగా వినపడే మాట ఒకటే: పిన్నినడిగారా? ఆవిడ ఎవరికి పిన్నో ఎవరికీ తెలీదు. అందరికీ పిన్నే. ఆవిడ మొగుడు కూడా ఆ లెక్కన బాబాయి అయిపోయాడు. తనకి వేరే గుర్తింపు లేదనీ, ఈ వీధికి తాను ఇల్లరికం వచ్చిన బాబాయిననీ ఆయనే చెప్పుకుని నవ్వుకునేవాడు.

పిన్ని ఫలానావాణ్ణి పిలవమందంటే ఇక వెనకా ముందూ చూడక్కర్లేదు. "పూచీ నాది" అనేది, అయిపోయేది. అందుకే చాటున పూచీ పిన్ని అనేవాళ్ళు. విచిత్రమేమిటంటే ఆవిడ ఎవరి గురించీ మంచి చెప్పేది కాదు. వడ్రంగి గురించి అడిగితే, రేపొస్తానంటే ఎల్లుండి అనుకో, ఎల్లుండి అంటే మర్చిపో అనేది. రంగులేసేవాడు గొంతెత్తి పాడతాడు, పగలు పడుకునేవాళ్ళున్న ఇంట్లో వద్దు అనేది. ఫ్రిజ్ బాగుచేసేవాడికి పని కాకముందే టీ ఇచ్చారా, ఇక కబుర్లే. ఇంత వంక పెట్టాక, సరే, వాడినే పిలవండి అనేది. ఇదేం సిఫార్సు పిన్నీ అని ఎవరో నవ్వితే, మంచి అందరిదీ ఒకటేలాగుంటుంది, వంక మాత్రం ఎవరిది వాళ్ళదే, అది తెలిస్తే మనిషి తెలిసినట్టే అంది.

తర్వాత ఫోన్లో వీధి గ్రూపొచ్చింది. వీధి దీపం వెలగట్లేదని ఒకరు, మీ కుక్క మా గేటు ముందే ఎందుకు కూర్చుంటుందని ఇంకొకరు. ఏసీ మెకానిక్ ఎవరైనా ఉన్నారా అంటే చాలు, ప్రతివాళ్ళూ తమ బావమరిదినో బావమరిది స్నేహితుణ్ణో ముందుకు తోసేవాళ్ళు. ఆ గోలంతా సద్దుమణిగాక పిన్ని గొంతు వచ్చేది. ఆవిడకి రాయడం అలవాటు లేదు, మాట్లాడి పంపేది. వెనకాల గిన్నెల చప్పుడు, బాబాయి దగ్గు కూడా వినపడేవి. అంతటితో బావమరుదులందరూ వెనక్కి తగ్గేవాళ్ళు.

పిన్ని ఇంటికి సరిగ్గా ఎదురిల్లు టైలరమ్మది. మొగుడు లారీ మీద ఊళ్ళు తిరిగేవాడే గానీ ఇంట్లో ఉండేవాడు కాదు. అత్తాకోడళ్ళిద్దరూ, రెండు కుట్టు మిషన్లూ. ఆ ఇల్లు కట్టినప్పుడు మెట్లెక్కి లోపలికి వెళ్ళేవారట. రోడ్డు పాడైనప్పుడల్లా పాతదాని మీదే కొత్తది పరిచారు. రోడ్డు ఎదిగింది, ఇల్లు ఎదగలేదు. ఇప్పుడు ఆ ఇంట్లోకి దిగి వెళ్ళాలి. వాన పడితే వీధిలో నీళ్ళన్నీ పిలిచినట్టు ఆ గడపలోకే. మిషన్లని ఇటుకల మీదకెక్కించారు. పోయిన వానల్లో పక్కవీధి పెళ్ళికూతురి బట్టలు తడిసి ఒకదాని రంగు ఒకదానికి అంటుకుంది. అప్పట్నించీ వానాకాలం వస్తోందంటే జనం గుడ్డలు ఇవ్వడానికి వెనకాడుతున్నారు. ఇంకో రోడ్డేస్తే మనం ఇంట్లోకి కప్పు తీసి దిగాలే అని అత్తగారు వేళాకోళమాడేది గానీ, ఆవిడ కళ్ళు మాత్రం మబ్బు మీదే ఉండేవి.

అమ్మేసి పోదాం అన్నాడు మొగుడు ఫోన్లో. నీళ్ళొచ్చే ఇల్లు కొనేదెవరు? కొన్నా, పోయేదెక్కడికి? ఈ వీధిలో మనుషుల కొలతలన్నీ టైలరమ్మ వేళ్ళలో ఉన్నాయి. ఎవరికి ఎడమ భుజం దిగువో, ఎవరు లావయ్యీ ఒప్పుకోరో ఆమెకి తెలుసు. ఇంకో చోటికి పోతే మళ్ళీ మొదట్నించీ లోకాన్నంతా కొలుచుకుంటూ రావాలి. వచ్చే వానల్లోపు ఏదో ఒకటి తేలకపోతే కుట్టుపని చేజారిపోతుంది, ఇల్లూ చేజారిపోతుంది.

అట్లాంటప్పుడు గ్రూపులో ఎవరో ఒక వీడియో పెట్టారు. జాకీలు పెట్టి ఇంటిని ఇల్లులాగే పైకెత్తేవాళ్ళున్నారట. గోడలూ కప్పూ దేన్నీ కదపకుండా. జనం నవ్వారు. ఎత్తినవాళ్ళు దించడం మర్చిపోతేనో అని ఒకరు, పై అంతస్తువాళ్ళకి అద్దె పెంచొచ్చా అని ఒకరు. టైలరమ్మ ఒక్కతే నవ్వలేదు. పిన్నీ, వీళ్ళు మంచివాళ్ళేనా అని అడిగింది.

జవాబు రాలేదు. మర్నాడూ రాలేదు. పిన్ని పలక్కపోవడం ఆ వీధికి కొత్త. ఆ సాయంత్రం టైలరమ్మ ఉండబట్టలేక వీధి దాటింది.

ఇన్నేళ్ళ ఇరుగుపొరుగులో ఆమె ఆ ఇంటి వరండా దాటి లోపలికి ఎన్నడూ పోలేదు. కొలతలైనా కబుర్లైనా వరండాలోనే. ఆ రోజు పిన్ని పెరట్లో ఉందని, లోపల్నుంచి వెళ్ళమని బాబాయి చెప్పాడు. తలుపు తోస్తే రాలేదు. భుజంతో కాస్త పైకెత్తి తొయ్యాలన్నాడు. లోపల ఒక్కో గోడా ఒక్కో రంగు. ఒకటి నున్నగా ఉంటే పక్కది పొలుసులు రాలుతోంది. కిటికీలో ఒక రెక్క మూసుకుంటుంది, రెండోది పడదు. వంటింటి అలమర ఒకవైపు వాలిపోయి, డబ్బాలు జారకుండా కింద గుడ్డలు మడిచి పెట్టి ఉన్నాయి. చెయ్యి కడుక్కుందామని కుళాయి తిప్పితే నీళ్ళు రాలేదు. అటు కాదమ్మా, ఇటు తిప్పాలి అన్నాడు బాబాయి.

ఊరందరికీ పనివాళ్ళని చెప్పే మనిషి ఇల్లు ఇట్లా ఉందేమిటా అని ఆమె తెల్లబోయింది. బాబాయి పేపరు మడిచాడు.

"మీ ఇంటి తలుపు బిగించిన వడ్రంగి ఉన్నాడే, వాడికి ముందు ముగ్గురు వచ్చారు. వాళ్ళ పని ఇది," అని తలుపు మీద తట్టాడు. "ఎవణ్ణైనా మీకు చెప్పాలంటే మీ పిన్ని ముందు ఇక్కడ చేయించి చూస్తుంది. నెగ్గినవాడు మీ ఇళ్ళకొస్తాడు. ఓడినవాడి పని మాకుంటుంది."

"మరి బాగుచేయించుకోవచ్చుగా బాబాయిగారూ?"

"చేయిద్దామంటే మళ్ళీ ఓ కొత్తవాణ్ణి పిలుస్తుంది."

టైలరమ్మ వెనక్కి తిరిగి ఆ తలుపు వంక చూసింది. ఇంటింటికీ వెళ్ళి కొలతలు తీసుకున్న మనిషి, వీధిలో ప్రతి తలుపూ తెరిచి చూసింది. అన్నీ వెన్నలా తెరుచుకునేవి. అవన్నీ అట్లా తెరుచుకోవడానికి ఈ ఒక్క తలుపు మొరాయించవలసి వచ్చింది. వీధి మొత్తానికి జరగవలసిన చెడ్డపనంతా ఈ నాలుగు గోడల మధ్య పోగై కూర్చుంది. అది ఎరగకుండా ఇన్నాళ్ళూ తాము, పిన్నికి మనిషి మొహం చూస్తే పనితనం తెలిసిపోతుందని చెప్పుకున్నారు. గుళ్ళో నిలబడ్డట్టు ఆ వాలిన అలమర ముందు నిలబడిపోయింది.

పిన్ని తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇల్లు లేపేవాళ్ళని తానెరగననీ, ఎరగనివాళ్ళ గురించి ఏం చెప్పాలో తోచక ఊరుకున్నాననీ అంది. తర్వాత గోడల వంక చూసింది.

"ఏమండీ, మన వరండాలోకి కూడా నీళ్ళొస్తున్నాయి కదూ?"

"రావట్లేదు," అన్నాడు బాబాయి.

"వస్తాయి."

బాబాయి కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో వాదన అయిపోయిందనడానికి అదే గుర్తు.

ఇళ్ళు లేపే మేస్త్రి వచ్చి ఇల్లంతా తిరిగాడు. తిరిగినకొద్దీ మొహం ముడుచుకుపోయింది. ఇంతమంది చేతులు పడ్డ ఇంటిని తానెప్పుడూ చూడలేదన్నాడు. వెనక గది దగ్గర ఆగిపోయాడు. దాని గోడని ఎవరో కొత్త తాపీవాడు పాత గోడలోకి ఇటుకలు జొనపకుండా పక్కన ఆనించి కట్టేశాడు. ఇల్లు లేస్తే అది కలిసి లేస్తుందన్న నమ్మకం లేదు, విడిపోతూ పక్కగోడని లాగినా లాగొచ్చు. ముందు వీధిలో వేరే గట్టి ఇంటితో మొదలుపెడదామన్నాడు.

"ఇది లేస్తే మిగతావి లేస్తాయా?" అని పిన్ని అడిగింది.

"ఇది లేస్తే ఏదైనా లేస్తుందమ్మా."

"అయితే ఇదే."

టైలరమ్మ ఆ మాట విని పరిగెత్తుకొచ్చింది. "పిన్నీ, నా కొంప కోసం మీ కొంప కూల్చుకుంటారా? వద్దు. మేం ఎట్లాగో పడతాం."

"నీ కోసమని ఎవరన్నారే? రేపు నువ్వు నన్నడుగుతావు, మంచివాళ్ళేనా అని. నాకు తెలియాలా వద్దా?"

ఖర్చు సంగతి బాబాయి ఒక్కడికే తెలుసు. ఆయన ఎవరికీ చెప్పలేదు. మేస్త్రి మనుషులు గోడల కింద కొంచెం కొంచెంగా తవ్వి, పునాది కిందా గదుల నేల కిందా ఇనప దూలాలు దూర్చి, వాటి కింద వరసగా జాకీలు నిలబెట్టారు. వెనక గది ఖాళీ చేసి తాళం వేశారు. లేపే రోజు పొద్దున్నే వీధంతా గుమిగూడింది. బయటికి రమ్మంటే పిన్ని రాలేదు. పూచీ ఇవ్వాల్సినదాన్ని వీధిలో నిలబడితే ఎట్లా అంది. ఆవిడ రాకపోతే బాబాయి కూడా రానన్నాడు. గడ్డం గీసుకుంటానని అద్దం ముందు కూర్చున్నాడు.

మేస్త్రి ఈల వేశాడు. ప్రతి జాకీ దగ్గరున్న మనిషీ తన చేతిలో కడ్డీని కొంచెం తిప్పాడు, అందరూ ఒక్కసారిగా. మళ్ళీ ఈల. మళ్ళీ తిప్పారు. ఏమీ జరగలేదు. ఇల్లు ఎక్కడిదక్కడే ఉంది. టైలరమ్మ తన గడపలో నిలబడి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. ఈలలు పడుతూనే ఉన్నాయి. కొంతసేపటికి ఆమెకి ఏదో తేడాగా తోచింది. పిన్ని ఇంటి గోడ కింద సన్నగా దారమంత వెలుతురు. అది చూస్తుండగానే దారం కాస్తా నాడా అయింది, నాడా కాస్తా పట్టీ అయింది. చివరికి ఆ సందులోంచి, ఇంటి అవతల పెరట్లో తిరుగుతున్న కుక్క కాళ్ళు కనపడ్డాయి.

ఇంటి కిందనుంచి అవతలి కుక్క కనపడడం ఎవరు చూశారు? అత్తగారు రెండు చేతులూ జోడించింది, ఎవరికి పెడుతోందో ఆవిడకీ తెలీదు. గోడలు, కప్పు, ఆరేసిన బట్టలు, లోపల ఇద్దరు మనుషులు, అన్నీ కలిసి గాల్లో ఉన్నాయి. కిటికీలోంచి బాబాయి సబ్బు నురగ మొహం కనపడింది.

"ఏమే," అన్నాడు లోపల్నుంచి, వీధికంతా వినపడేలా, "మనం కదల్లేదు. ఎదురిల్లే కిందికి దిగిపోతోంది."

అప్పుడే వెనకాల పెద్ద గుడ్డ చిరిగినట్టు చప్పుడైంది. మేస్త్రి చెయ్యెత్తాడు. అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. వెనక గది గోడ విడిపోయింది. చెయ్యి దూరేంత సందు పైనుంచి కిందిదాకా పడి, అందులోంచి ఎండ లోపలికొచ్చింది. మేస్త్రి పరిగెత్తాడు, పక్కగోడ నిలువునా చెయ్యి పెట్టి తడిమాడు, తూకం గుండు వేలాడదీసి కన్ను మూసి చూశాడు. వీధి మొత్తం ఆయన నోటి వంకే చూసింది. గోడ దాని మానాన అది పోయింది, ఇంటిని లాగలేదు అన్నాడు. మళ్ళీ ఈల వేశాడు.

ఆ సాయంత్రం గ్రూపులో పిన్ని గొంతు వచ్చింది. ఈసారి గిన్నెల చప్పుడు లేదు. "వీళ్ళు చెప్పినదానికంటే ఆలస్యం చేస్తారు. దుమ్ము అన్నంలో కూడా పడుతుంది. ఆ మేస్త్రి ఈలకి చెవులు చిల్లులు పడతాయి. మా వెనక గోడ పోయింది, అది కట్టినవాడి తప్పు, వీళ్ళది కాదు. ఇల్లు మాత్రం లేపుతారు. పూచీ నాది." కింద బాబాయి కూడా ఒక ముక్క పెట్టాడు: వెనకింటివాళ్ళ టీవీ ఇప్పుడు మాకు ఉచితం.

వానలకి ముందే టైలరమ్మ ఇంటి కింద జాకీలు పెట్టారు. లోపలే ఉంటానంది ఆమె. మిషన్ ముందు కూర్చుని ఎవరిదో చొక్కా మెడ కుడుతూ కిటికీలోంచి చూసింది. ఇన్నేళ్ళూ ఆ కిటికీలో కనపడినవి చెప్పులూ చక్రాలే. ఈల పడినకొద్దీ మోకాళ్ళొచ్చాయి, చేతి సంచులొచ్చాయి, భుజాలొచ్చాయి. తాను కుట్టిన భుజాలు. తర్వాత ఒక్కొక్కళ్ళ మొహాలు వచ్చాయి, కళ్ళింతలు చేసుకుని తనని చూస్తూ. దారం తెగలేదు. ఆమె చెయ్యే మిషన్ చక్రం మీద ఆగిపోయింది.

అంతా అయ్యాక తలుపు తెరిస్తే కింద నేల లేదు. గడప ఎత్తున ఉంది, మెట్లు లేవు. కింద పిన్ని నిలబడి ఉంది.

"మెట్లకి ఎవరున్నారు పిన్నీ?"

"రాతిపని చేసేవాడొకడు కొత్తగా వచ్చాడు. ఎట్లా చేస్తాడో తెలీదు. ముందు మా ఇంటి దగ్గర ఓ మెట్టు..."

"వద్దు," అంది టైలరమ్మ. "ముందు ఇక్కడ చెయ్యనీండి."

"వంకరగా పెడితేనో?"

"పెడితే పెట్టాడు. చూసుకుని ఎక్కుతాం. అప్పుడు మీకు చెప్తాను, వాడెట్లాంటివాడో."

లోపల్నుంచి అత్తగారు, నా మోకాళ్ళ సంగతి ఎవరూ అడగరేం అని సణిగింది. పిన్ని టైలరమ్మ మొహంలోకి చూసి చెయ్యి పైకి చాచింది. టైలరమ్మ ఆ చెయ్యి పట్టుకుని వీధిలోకి దూకింది.