పంటికి కలాయి లేదు

"పాప పళ్ళన్నీ పాడైపోతున్నాయేమోనండీ!"

పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న వెంకటకృష్ణయ్య నవ్వేశాడు. "పాలపళ్ళేగా! ఎలాగూ ఊడేవే."

"వచ్చేవి కూడా ఇలాగే వస్తేనో?"

ఆయన తువ్వాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఐదేళ్ళ పాప రెండు రోజులుగా కుండలో నీళ్ళు నోట్లో పోసుకోగానే కెవ్వుమంటోంది. పెరుగన్నం చూస్తే మూతి తిప్పుకుంటోంది.

తుంగభద్ర కాలువ వచ్చిన కొత్తల్లో గుంటూరు వైపు నుంచి వచ్చి బళ్ళారి పక్క రూపనగుడి దగ్గర పొలాలు కొన్న కుటుంబం వాళ్ళది. తెల్లారితే ఆయన వరిమడిలో ఉంటాడు. ఆయన భార్య సరోజినీదేవి రసాయనశాస్త్రంలో బి.ఎస్సీ. చదివింది. ఆ చదువు సంగతి మాట్లాడుకునే మనిషి చుట్టుపక్కల లేడు. పగలంతా ఆ ఇంట్లో వినిపించేవి రెండే గొంతులు, తనదీ పాపదీ.

మూడో మనిషి ఉంది గానీ పెద్దగా మాట్లాడదు. యంకమ్మకి యాభై దాటాయి. ఊళ్ళో ఒంటరిగా ఉంటుంది. ఏడాదిగా వడ్లు చెరగడానికీ, గిన్నెలు తోమడానికీ వస్తోంది. మధ్యాహ్నం సరోజినీదేవి కుండలోంచి చల్లటి మజ్జిగ ముంచి ఇవ్వబోతే "వద్దులేమ్మా" అనేసి, గడ్డివామి అవతల గోడకేసి తిరిగి కూర్చుని రొట్టె తినేది. మొదట్లో మొహమాటమనుకుంది సరోజినీదేవి. తర్వాత, వలస వచ్చినవాళ్ళ మజ్జిగంటే చిన్నచూపనుకుంది. నెల తిరిగేసరికి అడగడం మానేసింది.

ఆ రోజు పాప పచ్చి చింతకాయ నములుతూ దొరికింది. సరోజినీదేవి రెక్క పట్టుకుని తూము దగ్గరికి లాక్కుపోయి, నల్లటి పొడి వేలికద్ది పళ్ళు గట్టిగా రుద్దసాగింది. పాప ఏడుపు వాకిలి దాటింది. యంకమ్మ చేట దించి వచ్చింది.

"ఏందమ్మా ఆ పొడి?"

"ఊక బూడిదా, ఉప్పూ. మా అత్తగారి కాలం నుంచీ ఇదే. పులుపు పంటిమీద ఉండకూడదని, తిన్న వెంటనే తోముతాను."

యంకమ్మ చిటికెడు పొడి తీసి రెండువేళ్ళ మధ్య నలిపింది. "దీంతోనే గదమ్మా నేను మీ ఇత్తడి గిన్నెలు తోమేది! గిన్నె లోపల అరిగితే కలాయి సాబు వస్తాడు, తగరం పూసి పోతాడు. పంటికి యాడ ఉండాది కలాయి?"

సరోజినీదేవి చెయ్యి ఆగిపోయింది. ఊక బూడిదలో ఉండేది సిలికా, అంటే ఇసుక జాతిదే. పులుపు పంటి పైపొరని మెత్తబరుస్తుంది. రెండూ ఆమె చదివినవే. పుస్తకంలో వేర్వేరు పేజీల్లో ఉన్నవాటిని పాప నోట్లో తానే కలిపింది.

యంకమ్మ వేలితో తన చెంప లాగి చూపించింది. చిగుళ్ళ పక్కన ప్రతి పన్నూ గంటు పడి పసుప్పచ్చగా ఉంది.

"పదైదేండ్లు చింతపండు కొట్టే పనికి పోతిని. నోట్లో ఎప్పుడూ ఒక తునక ఉండేది. సాయంత్రమైతే ఇటుకపొడి పెట్టి తెల్లగ తోముకుంటాంటి. మా ఆయన నా పండ్లు చూసి మురిసిపోతాండె. ఇప్పుడు గాలి తగిల్నా జుమ్మంటాది."

"అందుకా మజ్జిగ వద్దన్నావు!"

"ఇంకేమనుకుంటివి?"

"ఒక్క మాట చెప్పొచ్చుగా" అంది సరోజినీదేవి నెమ్మదిగా.

"ఏమని చెప్పేది? కూలికొచ్చి, పొయ్యి మీద బిసినీళ్ళు కాంచియ్యమనా?" యంకమ్మ నవ్వింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. "మా వదిన కూతురి పెండ్లిలో పానకం వద్దంటి. 'మా ఇంటి పానకం పనికిరాలేదా దొరసానీ' అనె వదిన, అందరి ముందర. పండ్లు నొప్పంటే ఇంకా నగుతారని ఊరకుంటి. ఎనిమిదేండ్లాయ. మళ్ళ ఆ గడప తొక్కలే, వాళ్ళూ పిలవలే."

మర్నాడు సరోజినీదేవి పాపను బళ్ళారిలో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. యంకమ్మను కూడా రమ్మంది. బస్సు దాకా వచ్చి, "పీకేస్తాడు, నాకొద్దు" అని వెనక్కి తిరిగిందామె. బ్రూస్‌పేట వీధిలోని ఆ డాక్టరు దీపం వేసి చూసి, పుచ్చు లేదన్నాడు. చిగుళ్ళ దగ్గర రాపిడి తగిలిందనీ, ఆ పొడి మానేసి, పులుపు తగ్గించి, కొన్నాళ్ళు గోరువెచ్చని నీళ్ళే ఇమ్మనీ చెప్పాడు. బస్సులో పాప ఒళ్ళో నిద్రపోతుంటే సరోజినీదేవికి గడ్డివామి అవతలి గోడే గుర్తొస్తూ ఉంది. ఏడాదిపాటు ఆ వీపును చూసి, యంకమ్మ వదినలాగే తను కూడా ఊరుకుంది.

మూడు వారాలకు పాప పెరుగన్నం అడిగి తింది. ఆ మధ్యాహ్నం సరోజినీదేవి నీళ్ళు వెచ్చబెట్టి చెంబుతో గడ్డివామి అవతలికి వెళ్ళింది. యంకమ్మ చెంబును రెండు చేతులా పట్టుకుని, అంతా తాగేదాకా దించలేదు. అరుగు మీదికి రమ్మంటే రాలేదు. "ఈడే అలవాటైపోయె" అంది. సరోజినీదేవి పక్కనే కూర్చుంది, తనూ గోడకేసి తిరిగి.

పాప ఇప్పటికీ చింతకాయలు దొంగిలిస్తుంది. సరోజినీదేవి తూము దగ్గరికి లాక్కుపోదు. ఆ మధ్యాహ్నం గోడ దగ్గర యంకమ్మ చెప్పినట్టే చేస్తుంది:

"పులుపు తిన్నంక ఊరికే నీళ్ళు పుక్కిలించనీ. ఎసట్లో అన్నం ఉడికేంతసేపు పంటి జోలికి పోవద్దు. తోమేటప్పుడు గిన్నె అనుకోవద్దు తల్లీ, బిడ్డ చెంప అనుకో. జుమ్మంటే నోరు తెరిచి చెప్పేది సొల్ప నేర్పు దానికి. నా మాదిరి దాచుకోవద్దను."