అరిగిపోయిన ఇత్తడి పలక

రండమ్మా, గోడవారగా నా పక్కకు జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే తెచ్చుకోండి, కాయలు ఒలుస్తూ విన్నా నాకేం కోపం లేదు. నా కుళ్లుబోతుతనం నా నోటితోనే చెప్తున్నాను. ఇంకొకరు చెప్తే ఇంత నిజం రాదు.

నిజాం పాలన పోయిన రెండేళ్లకు పెళ్లయి తాండూరు వచ్చాను. పుట్టిల్లు వికారాబాదు. మా నాయన అక్కడ స్టేషన్‌లో రైలింజన్లు తుడిచేవాడు. అందుకే ఇత్తడి గురించి నాకు ఎవరూ చెప్పాల్సింది లేదనుకునేదాన్ని. మా ఆయన పిండిగిర్నిలో, అదే పిండిమరలో, ఇంజను నడిపేవాడు. గోడ అవతల పప్పుగిర్ని. అక్కడి ఇంజను నడిపే సాయిబు భార్యను అందరూ ఆపా, అంటే అక్క, అనేవాళ్లు. రెండు గిర్నిలూ ఒకే సావుకారివి. మగవాళ్లు నడిపేవాళ్లు, తుడిచే పని మా ఇద్దరు ఆడవాళ్లది.

నూనెగిన్నె, రాగి గొట్టం, ఇంజను పేరు చెక్కిన ఇత్తడి పలక, వీటిని చింతపండు, ఇటుకపొడి వేసి బిందెలు తోమినట్టు తోమేదాన్ని. తోమినప్పుడు బంగారమే. తెల్లారేసరికి నల్లబడేది. ఆపా ఇత్తడి ఎనిమిది రోజులైనా అలాగే మెరిసేది.

ఒకనాడు జొన్నలు పట్టించుకోవడానికి వచ్చిన ఒకామె నా ముఖం మీదే అనేసింది.

"నీది గూడ మంచిగనే ఉన్నదక్కా. గాని ఆపా కాడ నూనెగిన్నెల ముఖం చూసి బొట్టు పెట్టుకోవచ్చు."

ఆ మాట నాకు అన్నంలో రాయిలా తగిలింది. ఆపా బొట్టే పెట్టుకోదు కదా, ఆమె గిన్నెలో బొట్టేమిటని మూడు రోజులు లోపల్లోపల గొణుక్కున్నాను. అడిగితే చులకనైపోతానని అడగలేదు. పిడకల మీదెక్కి గోడ మీంచి తొంగిచూశాను. ఆమె చేతికి కొంగు చుట్టుకుని ఏదో రాస్తోంది. పక్కన ఒక డబ్బా. ఆమె నీళ్లకు పోయినప్పుడు వెళ్లి మూత తీసి వాసన చూశాను. గ్యాసునూనె, అదే కిరోసిన్! ఇంతేనా? అసలు మందు ఎక్కడో దాచింది, దొంగది, అనుకున్నాను.

ఇక పంతం పట్టాను. వారానికోసారి తోమేదాన్ని రోజూ తోమడం మొదలుపెట్టాను. నాకు అక్షరం ముక్క రాదు. పలక మీద చెక్కినవి నాకు మురికి పట్టే గుంటలు, అంతే. ఆ గుంటల్లో నలుపు నిలవకుండా ఇటుకపొడి వేసి రుద్దాను, రుద్దాను, అలా నాలుగేళ్లు రుద్దాను. చివరికి పలక నున్నగా అద్దమైంది. బొట్టు మాట అన్న ఆమెనే పిలిచి చూపించాను. "అబ్బ! గిప్పుడు నీదే పైచేయక్కా" అంది. ఆ పూట రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను.

ఆ వానాకాలమే ఇంజను లోపలి ముక్క ఒకటి పగిలింది. పట్నం నుంచి మేస్త్రీ వచ్చాడు. కొత్త ముక్క బొంబాయి నుంచి రావాలట, రావాలంటే ఇంజను నంబరు కావాలట. పలక దగ్గరికి పోయి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"నంబరేది? గిండ్ల నా మీసాలే కనవడుతున్నయి!"

సావుకారు మండిపడ్డాడు. "నంబరు లేకుంటే ముక్క రాదు. ముక్క రాకుంటే దీన్ని పాత ఇనుము కింద అమ్ముత. నువ్వు వేరే పని చూసుకో. ఎవలు రుద్దిన్రు గిట్ల?"

"నేనే సావుకారూ. నేనే తుడిచిన," అన్నాడు మా ఆయన. నావైపు చూడను కూడా లేదు. తిట్టినా బాగుండేది. పని పోతే మా పొయ్యి వెలగదు, వెలగకుండా చేసింది ఈ చేతులే.

కేకలు విని ఆపా వచ్చింది. పలక చూసింది, నన్ను చూసింది. డబ్బా తెచ్చి, పెద్ద చక్రం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. ఇరుసు కొస మీద వేలెడు మందం జిడ్డు. గ్యాసునూనె గుడ్డతో దాన్ని తుడిచింది. ఇనుములో గుద్దిన అంకెలు ఒకటొకటే బయటపడ్డాయి. మేస్త్రీ గబగబా రాసుకున్నాడు.

"మా దానికి గూడ గీడనే ఉన్నయి. ఎవ్వలు చూడని కాడ నేను ముందుగాల తుడుస్త," అంది ఆపా.

నిజం చెప్పనా? నా ప్రాణం లేచి వచ్చింది, కానీ దాని వెనకాలే కుళ్లూ లేచింది. నా ఇంజను నాకంటే ఈమెకే ఎక్కువ తెలుసా!

బయటికి వచ్చాక ఆపాయే చెప్పింది. "చింతపులుసు అట్లనే ఇడిస్తే ఇత్తడి నల్లగైతది చెల్లె. ఉడుకు నీళ్లతోని కడుగు, తడి లేకుంట తుడువు. జర ఆముదం గుడ్డకద్ది అంటీ అంటనట్టు రాయి. ఉత్త చేత్తోని ముట్టకు, చెమట మచ్చలైతయి."

"మరి ముందుగాల ఎందుకు చెప్పలే ఆపా?"

"నువ్వెప్పుడడిగినవ్? గోడ మీదికెళ్లి చూస్తివాయె. పిడకలు ఇరుగుతయేమోనని నేనే బుగులుపడుతుంటి."

ముక్క వచ్చింది, ఇంజను తిరిగింది. మా ఆయన ఆ నంబరును గోడ మీద డాంబరుతో పెద్దగా రాయించి, "గిదొక్కటి తోమకు" అన్నాడు. ఆముదం రాస్తే నా ఇత్తడీ ఎనిమిది రోజులు మెరిసింది. అయినా తర్వాత ఎన్నేళ్లు ఆ ఇరుసు కొస తుడిచినా, దాన్ని ముందు కనిపెట్టింది ఆమె చెయ్యి కదా అని గుండెలో ఓ మూల చురుక్కుమనేది. నా లోపలి ఆ జిడ్డు మాత్రం ఏ నూనెకూ వదలలేదు.

విన్న తల్లీ, నీ ఇంట్లో గిన్నెలు నిండుగా ఉండాలి, పొయ్యి ఆరకుండా ఉండాలి. పక్కింటామెను అడగాల్సింది అడిగే నోరు నీకూ నీ బిడ్డలకూ ఆ పైవాడు ఇవ్వాలి.