గోడవతల ఉడికిన సాసేజీలు

మా అత్తమ్మ నోట వంటను మెచ్చుకునే మాట ఒక్కటే ఉండేది: "ఉప్పు సరిపోయింది." అదీ కొడుకు ఎదురుగా కూర్చుని, ఎట్లుందమ్మా అని అడిగితేనే. నాటుకోడి వండినా అంతే, చింతచిగురు వేసి మాంసం వండినా అంతే. ఎకనామిక్స్‌లో ఎం.ఏ. చేసి, పెనుబల్లి పక్కన మా ఊళ్ళో మా అమ్మ దగ్గర వంట నేర్చి, ఈ బొగ్గుగనుల ఊరికి కాపురానికి వచ్చినదాన్ని. యూనివర్సిటీలో మార్కులు రాబట్టినంత సులువుగా ఆమె దగ్గర రాబట్టలేకపోయాను. అట్లాగని నేను ఊరుకునే రకం కాదు. ఉప్పు సరే, మిగతాది సరిపోయిందా అని అడిగేదాన్ని. "మిగతాది నువ్వే చెప్పుకుంటవ్ గదా," అనేది. ఎనభైల నడిమిదాకా మా ఇద్దరి కాపురం, అంటే అత్తాకోడళ్ళ కాపురం, ఇట్లాగే నడిచింది.

మా ఆయన భూగర్భ గనిలో షిఫ్టు పని చూసే ఓవర్‌మన్. మా మరిది గనులవాళ్ళ దవాఖానాలోనే లాబ్‌లో పనిచేసేవాడు. ఇద్దరికీ పక్కపక్కన క్వార్టర్లు దొరికాయి. మధ్యలో నడుమెత్తు గోడ. ఆ కాలనీలో కరెంటూ ఊరికే వచ్చేది, బొగ్గూ ఊరికే వచ్చేది. అందుకని తెల్లవారితే ప్రతి పెరట్లో బొగ్గుల పొయ్యి రాజేసేవాళ్ళు. ఆ పొగలో ఎవరి వంట వాసన ఎవరిదో తెలిసేది కాదు. అత్తమ్మ చండ్రుగొండ దగ్గరి పొలం కౌలుకిచ్చి, మొదటి నుంచీ మా క్వార్టర్‌లోనే ఉండేది.

మరిది అదే దవాఖానాలో ఒక నర్సును ఇష్టపడి చేసుకున్నాడు. మిషన్ ఆసుపత్రిలో చదువుకుని, వాళ్ళు పంపితే జర్మనీలో కొన్నేళ్ళు పనిచేసి వచ్చిన అమ్మాయి. చర్చికి పోయే కుటుంబం. అత్తమ్మ ఆ పెళ్ళికి పోలేదు. ఆ పిల్ల ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టనని నా వంటింటి గడప మీద కూర్చుని చెప్పింది. సరే, నా పీటకు వచ్చిన ఢోకా ఏమీ లేదనుకున్నాను.

ఆ ఒట్టు ఒక్క జ్వరానికి కరిగిపోయింది. అత్తమ్మకు ఒళ్ళు కాలిపోతుంటే తోటికోడలు (మా అత్తమ్మ నాతో 'నీ యారాలు' అనేది) థర్మామీటరు పట్టుకుని వచ్చింది. బి.పి. చూసింది, టార్చి వేసి గొంతు చూసింది, నుదుటి మీద తడిగుడ్డ వేసింది. నేను చేసిన జావ తాగి, ఆ పిల్ల చెయ్యి చల్లనిదన్నది అత్తమ్మ. జావ సంగతి మాట్లాడలేదు.

తోటికోడలు జర్మనీ నుంచి ఒక స్లో కుక్కర్ తెచ్చుకుంది. లోపల మందపాటి పింగాణీ గిన్నె, చుట్టూ కరెంటు తొడుగు, పైన గాజు మూత. విజిల్ లేదు, ఆవిరి బుస లేదు. ఆదివారం పొద్దున చర్చికి పోతూ మీట నొక్కి పోతే, ప్రార్థన ముగించుకుని వచ్చాక కూడా ఉడుకుతూనే ఉండేది. నేను పప్పు, కూర, పులుసు, ఇగురు దించినా దాంట్లో సరిగా బుడగ లేచేది కాదు. ఇది వండడమా, గుడ్లు పొదగడమా అని గోడ మీది నుంచి అడిగాను. "పొదిగితేనే కదక్కా పిల్లలయ్యేది," అని నవ్వింది. మాటకు మాట చెప్పగలదు. అదీ నాకు నచ్చలేదు.

దాంట్లో ఆమె చేసేది సాసేజీలు. జర్మనీలో పంది మాంసంతో చేస్తారట, ఇక్కడ మా కోసం వేటమాంసంతో చేసేది. గొర్రె పేగులు తెప్పించి, చీపురుపుల్లతో తిరగేసి, ఉప్పూ పసుపూ పెట్టి కడిగేది. ఖీమాలో కొవ్వు కలిపి, మిరియాలూ వెల్లుల్లీ దంచి వేసి, కొత్త గరాటు మూతికి పేగు తొడిగి బొటనవేలితో కూరేది. జానెడుకొకచోట మెలితిప్పి దారం కట్టేది. పెనం మీద అన్ని పక్కలా ఎర్రగా కాల్చి, ఆ కొవ్వులోనే బుట్టెడు ఉల్లిగడ్డలు వేయించి, అన్నీ గిన్నెలో పెట్టి బీరు పోసేది. అవును, బీరే. మా మరిది పాత పేపరు చుట్టి తెచ్చేవాడు. పేపరు చుట్టినంత మాత్రాన సీసా సీసా కాకుండా పోతుందా? కాలనీ అంతా చూసేది.

ఒక ఆదివారం అత్తమ్మ ఉతికిన చీర కట్టుకుని, చెప్పులేసుకుని, మా గేటులోంచి బయటికి నడిచి వాళ్ళ గేటులోంచి లోపలికి పోయింది. నేను పెరట్లో బియ్యం కడుగుతున్నాను. గోడవతల గిన్నె మూత తీసిన చప్పుడు, చెంచా చప్పుడు. తర్వాత అత్తమ్మ గొంతు.

"మస్తుగుందే చిన్నదానా. ఇంకొంచెం ఎయ్యి."

బియ్యం కడిగిన నీళ్ళు కాళ్ళ మీద పోసుకున్నాను. మస్తుగుంది! ఆ మాట ఆమెకు వచ్చని నాకు తెలియదు. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె దాచిపెట్టిన మాట అది, పరాయి దేశపు గిన్నెకూ పేగుల్లో కూరిన ఖీమాకూ ఇచ్చేసింది. ఆ మధ్యాహ్నం నేను చేసిన బెండకాయ పులుసు మా ఆయన ఒక్కడే తిన్నాడు. ఎట్లుందని అడిగితే, బాగుంది అన్నాడు. ఆయనకు అన్నీ బాగుంటాయి. ఆ బాగుకు విలువేముంది?

తర్వాతి ఆదివారమూ అంతే. అప్పుడిక నా దగ్గరున్న ఆయుధం తీశాను. ఆమె తిరిగొచ్చి మంచం మీద వక్క బుగ్గన పెట్టుకునే వేళకు పక్కన కూర్చుని, ఆ కూరలో ఏం పోస్తారో తెలుసా అత్తమ్మా అని నిదానంగా అడిగాను.

"బీరు పోస్తది," అన్నది.

"తెలిసే తిన్నారా?"

"ఉడికినంక అండ్ల ఏముంటది? నువ్వు ప్రతి దాంట్ల చింతపండు పోస్తవ్. నేనేమన్న అన్ననా?"

చింతపండుకూ బీరుకూ పోలికేమిటని నేను అరగంట వాదించాను. మీరు మంచినీళ్ళు ముట్టనన్న ఇల్లు కదా అన్నాను. మంచినీళ్ళు ముట్టలేదు, కూర తిన్నానన్నది. అట్లాంటి మనిషితో ఎవరు గెలుస్తారు?

సరే, నేనే చేస్తాననుకున్నాను. ఒక బీరు సీసా తెమ్మంటే మా ఆయన నన్ను కింది నుంచి మీదికి చూశాడు. వంటకని చెప్పాను. ఎవరితో పోటీ అని అడిగాడు. పోటీ కాదు, ప్రయోగం అన్నాను. పేగులు నేనే కడిగాను. ఖీమా నేనే కూరాను. తోటికోడలి కన్నా సన్నగా, తీరుగా వచ్చాయి. ఆమెలాగా చప్పగా కాకుండా ఎండుమిర్చీ ధనియాలూ కూడా దంచి వేశాను. బొగ్గుల పొయ్యి భగభగలాడుతుంటే ఇత్తడి గిన్నె పెట్టి, బీరు గుమ్మరించి, మా వంట ఎట్లా చేస్తామో అట్లాగే, పెద్ద మంట మీద, కలుపుతూ, పక్కన నిలబడి చేశాను. మొదటి షిఫ్టు వదిలిన సైరన్ మోగేసరికి దించాను. పైన నిగనిగలాడుతూ, చూడ్డానికి బంగారు కడ్డీలే.

అత్తమ్మ ఒకటి నోట్లో పెట్టుకుంది. ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు తిప్పింది. ఉప్పు సరిపోయిందని కూడా అనలేదు. చెంబు పట్టుకుని పెరట్లోకి పోయింది. వంటింటి కిటికీలోంచి చూశాను. కరివేపాకు చెట్టు మొదట్లో ఉమ్మేసి, కాలితో మట్టి కప్పింది.

నేను నేరుగా గోడ దగ్గరికి పోయి తోటికోడలిని పిలిచాను. నాకు నేర్పే ఉద్దేశం లేకపోతే లేకపోయింది, మా అత్తమ్మకు నా వంట మీద ఏమేం నూరిపోస్తున్నావో చెప్పమన్నాను. ఇంకా చాలా అన్నాను. జర్మనీని కూడా వదల్లేదు. ఆమె బట్టలు ఆరేస్తున్నది. చేతిలోని దిండు గలీబు తీగ మీద వేసి, గోడ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించింది.

"అక్కా, మీ వంటల ఏం తక్కువ లేదు. అత్తమ్మకు దవడపళ్ళు లేవు."

"ముందరివన్నీ ఉన్నాయి కదా!"

"ముందరివే ఉన్నయి. జ్వరమప్పుడు గొంతు చూసిన కదా. వెనక రెండు దిక్కులా ఒట్టి చిగుళ్ళే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీకు చెప్పొద్దని మాట తీసుకుంది. పెద్దదానికి నోరెక్కువ, ఏ రోజో కొట్లాటల బోసినోరు అంటది, దాంతోని ఆ మాట పడలేను అన్నది."

అనేదాన్నే. ఏ ఉల్లిగడ్డల దగ్గరో, ఏ ఉతికిన బట్టల దగ్గరో మాటామాటా పెరిగినప్పుడు తప్పకుండా అనేదాన్ని. ఆమె నన్నేం తక్కువ అన్నదని? కానీ నన్ను కాల్చింది అది కాదు. ఇంట్లో ఒకే కంచు గ్లాసుతో నీళ్ళు తాగే మనుషులం మేము. నేను వండిన ముక్కలన్నీ ఏరి కొడుకు కంచంలో వేస్తుంటే తల్లిప్రేమ అనుకున్నాను, లేదా నా వంటను చిన్నచూపు చూడడం అనుకున్నాను. పులుసు పోసుకుని అన్నం పిసికి మింగుతుంటే నా మీద అలకనుకున్నాను. ఆ నోటి గుట్టు నా దగ్గర దాచి, నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకు, తను ఎవరి పెళ్ళికైతే పోలేదో దానికే, చెప్పుకుంది. నర్సు కాబట్టి టార్చి వేసి చూసిందని మా ఆయన సర్దిచెప్పబోయాడు. మన ఇంట్లో టార్చి లేదా అని అడిగాను.

పైగా నాకు తెలిసిందని అత్తమ్మకు తెలియకూడదు. తెలిస్తే ఆ పిల్ల మాట పోతుంది. దాని మాట పోతే నాకేం నష్టమని ఒకరోజంతా ఆలోచించాను. చివరికి అత్తమ్మ ముఖం ఎట్లా మాడుతుందో తలుచుకుని ఊరుకున్నాను.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం మళ్ళీ మొదలుపెట్టాను. నాకు కరెంటు గిన్నె లేకపోతేనేం? బొగ్గులు బాగా ఎర్రబడి పొగ ఆగినాక సగం బయటికి లాగేశాను. మిగిలిన వాటి మీద బూడిద కప్పాను. దాని మీద రొట్టెల పెంక, పెంక మీద మట్టి చట్టి. ఈసారి పేగుల్ని రెండింతలు సేపు నానబెట్టాను. ఉల్లిగడ్డలు కాగితంలాగా తరిగాను. బీరు చేదు పట్టకుండా చిన్న బెల్లం ముక్క, చిటికెడు ఆవపిండి. మూత చుట్టూ పిండి మెత్తాను. ఇక కలపకుండా, తియ్యకుండా, పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. నోరు మూసుకుని కూర్చోవడం నాకు వచ్చిన విద్య కాదు, ఆ పూట నేర్చుకున్నాను. మధ్యాహ్నానికి మూత తీస్తే ఉల్లిగడ్డలు లేవు. కరిగి గోధుమరంగు గుజ్జయ్యాయి. గరిటె ఆనిస్తే చాలు, సాసేజీ రెండయింది.

మరిదినీ తోటికోడలినీ కూడా తినడానికి పిలిచాను. చూడాలి కదా, వాళ్ళూ.

అత్తమ్మ మొదటి ముక్క ముందరి పళ్ళతో కొరికింది. బుగ్గ మార్చలేదు. నాలుకతో నొక్కి మింగింది. రెండోది తిన్నది. మూడోది తిన్నది. అందరం ఆమెనే చూస్తున్నాం.

"ఉప్పు తక్కువైంది."

"సరిగ్గా ఉంది," అన్నాను.

"నేను తింటున్న. నాకు తెల్వదా?"

"మీ నోటికి..." అని ఆగిపోయాను. మిగతా మాట నాలుక చివరిదాకా వచ్చింది. నా జన్మలో నేను సగంలో ఆపిన వాక్యం అదొక్కటే అనుకుంటాను. అత్తమ్మ నా వైపు చూసింది. తర్వాత చిన్నకోడలి వైపు చూసింది. ఆ పిల్ల తల వంచుకుని పళ్ళెంలో గుజ్జు కలుపుతున్నది. అత్తమ్మ పళ్ళెం నా ముందుకు జరిపింది.

"ఇంకొకటెయ్యి," అన్నది. "ఉప్పు తక్కువనే ఉంది."

నేను వేశాను. ఉప్పు ఎందుకు తక్కువ కాదో చెబుతూనే వేశాను.

అప్పుడు తోటికోడలు, తల ఎత్తకుండానే, "నా దాంట్ల ఉప్పు ఎక్కువనో తక్కువనో మీరు ఎన్నడు అనలేదు అత్తమ్మా," అన్నది. ఆ గొంతులో ఉన్నదేమిటో నాకు బాగా తెలుసు. ఎన్నో ఆదివారాలుగా నా గొంతులో ఉన్నదే.

అత్తమ్మ గుజ్జులో వేలు ముంచి నాకింది.

"నీ ఇంట్ల తిని వస్త," అన్నది. "ఈడ ఉంట."

ఆ రోజు గిన్నెలు నేనే తోమాను. తోటికోడలు తోముతానన్నా ఇవ్వలేదు.

ఇంతటితో నా కుళ్ళు తీరిందని ఎవరైనా అనుకుంటే వాళ్ళకు నేను తెలియదు. తర్వాతి ఆదివారం గోడవతల మూత తీసిన చప్పుడు కాగానే అత్తమ్మ ఉతికిన చీర కట్టుకుని, చెప్పులేసుకుని బయల్దేరింది. నేను బియ్యం కడుగుతూనే విన్నాను. "మస్తుగుందే," అన్నది అక్కడ. తిరిగొచ్చి మంచం మీద కూర్చున్నాక, వక్క దంచి చేతిలో పెడుతూ, ఉప్పు సరిపోయిందా అని అడిగాను.

"ఏమో," అన్నది. "ఆడ ఉప్పెవరు చూసిండ్రు?"