ఫిర్యాదు లేని వీధి

రేపల్లె పట్టణంలోని పాత నీటి పైపులలో ఏది ముందుగా పగులుతుందో కంప్యూటరు చేత అంచనా వేయించడం నా ఉద్యోగం. తెనాలి ఆఫీసులో కూర్చుని, పైపుల వయసు, నేల తీరు, ఫిర్యాదుల రిజిస్టరు మెషీన్ లెర్నింగ్ ప్రోగ్రాముకు అందించాను. ఇంతవరకు ఎక్కడ పగిలిందో చూసి, ఇకముందు ఎక్కడ పగలవచ్చునో అది నేర్చుకుంటుంది. అది ఇచ్చిన జాబితా వరుసలోనే కొత్త పైపులు వేస్తారు. బాపట్లలో ఇంజనీరింగు చదివి, మా ఇంట్లో మొదటి పట్టభద్రురాలినైన నేను, ఆ జాబితా కింద నా సంతకాన్ని చాలాసేపు చూసుకున్నాను.

రేపల్లెలోని మా వీధి ఆ జాబితాలో అట్టడుగున ఉంది. పరిస్థితి బాగుందని దాని అర్థం.

ఆ ఆదివారం ఇంటికి వెళ్ళి నాన్నకు చూపించాను. మునిసిపాలిటీలో పైపుల ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మనిషి ఆయన.

"మనది చివరనా? ఏంటమ్మా ఇది?"

"మన వీధి నుంచి ఒక్క ఫిర్యాదూ లేదు నాన్నా."

"ఆఫీసుకెళ్ళి ఎవరు రాస్తారమ్మా, నేనుండగా!"

పక్కింటి పిన్ని గోడ మీదుగా అందుకుంది. "చర్చి గుమ్మంలోనే పట్టుకునేవాళ్ళం మీ నాన్నని. పాస్టరుగారు ఆశీర్వాదం ముగించడం ఆలస్యం, 'బావగారూ, మా కుళాయి' అనేవాళ్ళం. ప్రార్థన కంటే అదే తొందరగా నెరవేరేది!"

నిజమే. నాన్న గుంత తవ్వి, పాత సైకిలు ట్యూబును పట్టీలుగా కోసి, పగులు చుట్టూ బిగించి మట్టి కప్పేసేవారు. కాగితం మీద ఏమీ మిగిలేది కాదు.

"ఆ పైపంతా ట్యూబు ముక్కలే. మురుగు కాలవ పక్కన మరీను. మీ సారుకి చెప్పు," అన్నారు.

నేను చెప్పలేదు. సొంతవాళ్ళ కోసం జాబితా మార్పించిందన్న మాట పడవలసి వస్తుందని భయపడ్డాను. "ఆధారం లేనిదే మార్చకూడదు నాన్నా," అన్నాను. ఆధారం నా ఎదురుగానే కూర్చుని ఉంది.

వానలు పడ్డాక, ఆ కాలవ పక్కనే పైపు పగిలింది. తాగే నీటిలో మురుగు కలిసింది. వీధిలో చాలామంది వాంతులు, విరేచనాలతో పడిపోయారు. అందరూ కోలుకున్నారు, పిన్ని కోలుకోలేదు. అమ్మ నాట్లకు వెళ్ళిన రోజుల్లో నాకు అన్నం పెట్టి, జడ వేసి బడికి పంపింది ఆమే.

సమాధుల తోట నుంచి తిరిగి వస్తుండగా పిన్ని కొడుకు అడిగాడు. "పెదనాన్నా, మన వీధిని చివర్న ఎవరు పెట్టారంట?"

నాన్న నా వైపు చూడలేదు. "మిషను చెప్పిందంట్రా. దానికేం తెలుసు."

నేను అడుగుల వేగం పెంచి వాళ్ళని దాటి నడిచాను.

మరునాడు, నాన్న అతుకు వేసిన చోట్లన్నీ అడిగి రాసుకుని మా అధికారికి ఇచ్చాను. ఆయన నన్ను అనుమానించలేదు. "ముందే చెప్పాల్సిందమ్మా," అని మాత్రమే అని, మా వీధిని జాబితాలో మొదటికి మార్చారు.

కొత్త పైపులు దించిన రోజు ఎదురింటి మామ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వుండబట్టే తల్లీ! చదువుకున్న పిల్ల ఒక్కతి ఉంటే చాలు వీధికి."

"అలా అనకు మామ్మా," అన్నాను. అణకువ అనుకుని ఆమె నా తల నిమిరింది.

ఆ పొగడ్త వింటూ అరుగు మీద కుర్చీలో కూర్చున్న నాన్న లేచి, కుర్చీ తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.