గుంటని ఇప్పించండి

శ్రీకాకుళం కోర్టులో ఇన్నేళ్లుగా వకాల్తాలు వేస్తున్నాను గానీ, ఆ రోజు పడ్డంత అయోమయం ఎప్పుడూ పడలేదు.

వచ్చినావిడ సముద్రం ఒడ్డు ఊరి మనిషి, చేపలమ్ముకుని బతుకుతుంది. భర్త పోయాక అతని అక్క, పిల్లని నాలుగు రోజులుంచుకుంటానని చీపురుపల్లి తీసుకెళ్లింది. తిరిగి పంపలేదు. చూడ్డానికెళ్తే గుమ్మం తొక్కనివ్వలేదు. "నా గుంటని మా ఆడబిడ్డ ఉంచీసుకున్నాదమ్మా. నాకిప్పించండి" అంది.

చేపలమ్ముకునే మనిషి గుంటని ఆడబిడ్డ ఉంచేసుకుంది, ఇప్పించాలి అని మాత్రం, పేర్లు లేకుండా, ఫోనులో ఏఐకి చెప్పి అఫిడవిట్ రాయమన్నాను. బార్ రూములో ఈమధ్య అందరికీ దాని గొడవే. గుమాస్తాలాంటిదే, వాడుకుంటే తప్పేమిటని కొందరు. దాన్ని నమ్మితే వకీలు సన్నదుకే, లైసెన్సుకే ఎసరొస్తుందని కొందరు. నాకు ఇద్దరి మాటా నిజమేననిపిస్తుంది, అదే నా తెగులు.

అది చకచకా రాసిచ్చింది. అర్జీదారు చేపల గుంటను భర్త సోదరి అక్రమంగా ఆక్రమించుకుందట, స్వాధీనం ఇప్పించాలట. పొట్ట పట్టుకుని నవ్వాను. మా వైపు గుంట అంటే ఆడపిల్ల. కోటబొమ్మాళిలో పెళ్లయ్యేదాకా నన్నూ ఇంట్లో అలాగే పిలిచేవారు. చేపలమ్మే మనిషి గుంట అంటే చేపల గుంటే అనుకుంది పాపం, దాని తెలివి దానిది.

ఆడపిల్లరా బాబూ అని దిద్ది, మిగతా సంగతంతా చెప్పాను. క్షమాపణ చెప్పి మళ్లీ రాసింది. ఈసారి వంక పెట్టడానికేం లేదు. పైగా ఒక మాట చేర్చింది: తల్లి మీద బెంగతో పిల్ల తిండి మానేసి ఏడుస్తోందని.

ఆవిడ ఆ మాట చెప్పలేదు. కొట్టేయబోయి ఆగాను. మా సీనియరుగారి పాత నమూనాల్లో ఏ తల్లి అర్జీ చూసినా ఇదే ఏడుపు ఉండేది. ఆయన రాస్తే అనుభవం, ఇది రాస్తే అబద్ధమా? పిల్ల నిజంగానే ఏడుస్తూండొచ్చు. జడ్జిగారి మనసు కరిగితే ఇంటికొస్తుంది కూడా. కానీ నిజమని ప్రమాణం చేయాల్సింది నేనూ కాదు, ఫోనూ కాదు, ఆవిడ. ఎటూ తేలక, ఆవిడనే అడుగుదామని ప్రింటు తీయించి చదివి వినిపించాను.

ఆ మాట దగ్గర ఆవిడ నా చెయ్యి పట్టేసుకుంది.

"తిండి మానీసినాదా? మీకెవులు సెప్పినారమ్మా?"

ఎవరూ చెప్పలేదన్నాను. ఫోను దానంతటది రాసిందన్నాను. ఎవరూ చూడకుండా అలా ఎలా రాస్తారని అడిగింది. సిగ్గేసింది. ఆవిడ ఎదుటే ఆ వాక్యం కొట్టేశాను. ఆవిడ నా కలం వంక చూడనేలేదు. అప్పటికే లేచి నిలబడి, చీపురుపల్లికి రైలు ఎన్నింటికని అడుగుతోంది.